ఎన్‌ఐఓఎస్ పదో తరగతి: కుట్టుమిషన్ పక్కనే పుస్తకం పెట్టుకుని చదివాను

విజయనగరంలో గంటస్తంభం దగ్గర జాకెట్లు కుడతాను. పదో తరగతిలో లెక్కలు తప్పి చదువు ఆపేశాను, అప్పుడు నాకు 15 ఏళ్లు. మా వీధి అంగన్‌వాడీలో కార్యకర్త పోస్టు పడితే పది పాసై ఉండాలన్నారు. అలా 38వ ఏట ఎన్‌ఐఓఎస్‌లో, అంటే రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లోనే చదువుకునే జాతీయ ఓపెన్ స్కూల్‌లో చేరాను.

ఇది కేంద్ర ప్రభుత్వ బోర్డు. 1979లో సీబీఎస్‌ఈ ఓపెన్ స్కూల్‌గా మొదలుపెట్టింది, 1989లో విడి సంస్థ అయింది. మన రాష్ట్ర ఓపెన్ స్కూల్ వేరు. 14 ఏళ్లు నిండితే పదిలో చేరొచ్చు, పై వయసుకు హద్దు లేదు. ఒక భాషతో కలిపి ఐదు సబ్జెక్టులు మనమే ఎంచుకోవాలి, లెక్కలు తప్పనిసరి కాదు. ఆ మాట విన్న రోజు ఇంటికొచ్చి ఏడ్చాను.

అన్నిటికన్నా నచ్చింది ఇది: ఒకసారి పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు. ఏప్రిల్‌లో తెలుగు, సోషల్, హోమ్ సైన్స్ రాశాను. అక్టోబరు పరీక్షలకు చదవాల్సిన రోజుల్లోనే సిరిమాను పండగ, అర్ధరాత్రి దాకా జాకెట్లే. ఎకనామిక్స్ ఒక్కటే రాసి, సైన్స్‌ని మళ్లీ ఏప్రిల్‌కి ఉంచుకున్నాను. బళ్లో ఉన్నప్పటి టెన్షన్ లేదు. అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులుంటాయి, అవి మాత్రం అశ్రద్ధ చేయకండి.

ఇబ్బందులూ ఉన్నాయి. నాకిచ్చిన స్టడీ సెంటర్‌లో సెలవు రోజుల క్లాసులు సరిగా జరగలేదు, రెండుసార్లు ఉత్తినే తిరిగొచ్చాను. చూసి రాయిస్తామని డబ్బులడిగినవాళ్లూ తగిలారు. దయచేసి వాళ్లకి రూపాయి కూడా ఇవ్వకండి, ఆ మాటల వల్లే కష్టపడి రాసినవాళ్లకీ చెడ్డపేరు. "ఓపెన్ పదా? అది ఫెయిలైనోళ్ల చదువు కదమ్మా" అని కొలతలివ్వడానికొచ్చిన ఆవిడే అంది. నిజమే, నేను ఫెయిలయ్యాను. అందుకే ఇలాంటి బడి కావాలి. సర్టిఫికెట్ మిగతా బోర్డులతో సమానమే.

పిల్లల్ని చేర్పించేవాళ్లు ఒకటి చూసుకోండి: పాలిటెక్నిక్ ఆలోచన ఉంటే లెక్కలు వదలొద్దు.

నా రిజల్ట్ వచ్చేసరికి ఆ అంగన్‌వాడీ పోస్టు నిండిపోయింది. బాధేసింది. అయినా ఇంటర్‌కి ఫారం నింపాను, హోమ్ సైన్స్ మళ్లీ పెట్టుకున్నాను.