ఫిట్స్‌కి వీఎన్‌ఎస్ మెషీన్ పెట్టించి రెండేళ్లు: 5కి 3.5 ఇస్తాను

మా తమ్ముడికి 9వ ఏట ఫిట్స్ మొదలయ్యాయి, ఇప్పుడు వాడికి 26. నాలుగు రకాల మాత్రలు మార్చాం. మెదడులో రెండు వైపుల నుంచీ ఫిట్స్ పుడుతున్నాయని వీడియో ఈఈజీలో (తలకు వైర్లు అంటించి మెదడులోని కరెంటును రికార్డు చేస్తూ, పక్కనే వీడియో తీసే పరీక్ష) తేలింది, కాబట్టి ఫిట్స్ పుట్టే భాగాన్ని తీసేసే ఆపరేషన్ కుదరదన్నారు, ఇక మిగిలింది వీఎన్‌ఎస్, అంటే వేగస్ నర్వ్ స్టిమ్యులేషన్. ఎడమ ఛాతీలో చర్మం కింద చిన్న మెషీన్ పెట్టి దాని వైరు మెదడు నుంచి మెడ మీదుగా కిందికి వెళ్లే వేగస్ నరానికి మెడ దగ్గర చుడతారు, అది మామూలుగా 5 నిమిషాలకోసారి 30 సెకన్ల పాటు కరెంటు పంపుతుంది. కొత్తదేం కాదు, అమెరికాలో 1997లోనే అనుమతి వచ్చింది.

ముందు నాకు ఒళ్లు మండిన సంగతి చెప్తాను. ఆస్పత్రి పేరు వద్దులెండి, అక్కడి కౌన్సెలర్ "సక్సెస్ 50 శాతం" అంది. అమ్మ దాన్ని సగం మందికి పూర్తిగా తగ్గిపోతుందని అర్థం చేసుకుంది, నిజం చెప్పాలంటే నేనూ అంతే. తర్వాత వేరే డాక్టర్ గారు విడమరిచి చెప్పారు: దాదాపు సగం మందికి ఫిట్స్ సగానికి సగమో అంతకన్నా ఎక్కువో తగ్గుతాయి, అదీ ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు, పూర్తిగా ఆగిపోయేవాళ్లు చాలా తక్కువ. మరి మావాడు ఏ సగంలో ఉంటాడు సార్ అంటే, ముందే చెప్పగలిగే పరీక్ష మా దగ్గర లేదమ్మా అన్నారు. లక్షలు పోసి కొనే వస్తువు పనిచేస్తుందో లేదో పెట్టించాకే తెలుస్తుందన్నమాట!

పరిశోధనలు లేకపోలేదు. చెక్ దేశంలో బ్రనో నగరం డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు తీసిన మామూలు ఈఈజీలోనే, కళ్ల ముందు లైటు మిణుకుమిణుకుమనిపించినప్పుడు, గబగబా ఊపిరి తీయించినప్పుడు మెదడు ఎలా స్పందిస్తోందో చూసి ఎవరికి పనిచేస్తుందో అంచనా కట్టే ప్రయత్నం చేశారు. టొరంటో పిల్లల ఆస్పత్రి వాళ్లు మెదడులోని కనెక్షన్లను స్కాన్లలో చూస్తున్నారు. గుండె లయలోని తేడాలను చూసేవాళ్లూ ఉన్నారు. మావాడికి మాత్రం అవేవీ చేయలేదు, మామూలు ఓపీలోకి అవి ఇంకా రాలేదు.

ఇక వాడకం సంగతి. మొదట్లో కొన్ని వారాలకోసారి వెళ్లి కరెంటు కొంచెం కొంచెం పెంచుకుంటూ రావాలి, సగం రోజు అక్కడే పోతుంది. మెషీన్ నడిచినప్పుడల్లా గొంతు బొంగురుపోతుంది, ఫోన్‌లో "జలుబు చేసిందా బాబూ" అని అడగని చుట్టం లేడు. ఎంఆర్‌ఐ అంటే ముందే మెషీన్ ఉందని చెప్పి తీరాలి. మాత్రలు ఆగలేదు. ఆరో నెల దాకా ఏ తేడా కనపడక అమ్మ రోజూ ఏడ్చేది. ఇప్పుడు నెలకు 12 వచ్చేవి 5కి వచ్చాయి, వచ్చినా తొందరగా తేరుకుంటున్నాడు, నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

మ్యాగ్నెట్ కూడా ఇస్తారు, ఫిట్ మొదలవుతుంటే ఛాతీ మీద అలా ఒకసారి తిప్పితే అదనంగా కరెంటు వెళ్తుంది. మావాడికి మూడు సార్లలో ఒకసారి పనిచేస్తుంది. మొన్న పెళ్లిలో మా పెద్దమ్మ తాళాల గుత్తి వాడి చేతిలో పెట్టబోతే నేను మ్యాగ్నెట్ తీశాను, ఆవిడేమో "చూశావా, ఇనుమే కదా" అంది!

పెట్టించుకునేవాళ్లు ఆపరేషన్‌కు మూడు నెలల ముందు నుంచే ఎన్ని ఫిట్స్, ఏ టైముకి, ఎంతసేపు అని డైరీ రాయండి. అది లేకపోతే తగ్గాయో లేదో ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. కొన్నేళ్లకు బ్యాటరీ అయిపోయి మళ్లీ లక్షలు పెట్టాల్సొచ్చినప్పుడు, ఆ డైరీయే తీసుకెళ్లి డాక్టర్ గారి ముందు పెడతాం.