ఫిజిక్స్ పాఠం: చెప్పడమా, చూపడమా, చర్చ పెట్టడమా?

ఫిజిక్స్ బోధించే మిత్రులు నన్ను పదే పదే అడిగే ప్రశ్న ఇది. బోర్డు మీద వివరంగా పాఠం చెప్పడం మేలా, ప్రయోగం చేసి చూపడం మేలా, ప్రశ్న ఇచ్చి పిల్లల చేతే చర్చ చేయించడం మేలా? మూడూ చేసి చూశాను కాబట్టి నా అభిప్రాయం దాచుకోను.

ముందు ఒక నాణెం సంగతి. దాన్ని నిట్టనిలువుగా పైకి విసిరాం. చేతిని వదిలి ఇంకా పైకే వెళుతోంది. గాలి నిరోధాన్ని లెక్కలోకి తీసుకోకపోతే, ఆ క్షణంలో నాణెం మీద పనిచేసే బలాలేవి? న్యూటన్ రెండో నియమం లెక్కలు చకచకా చేసేవాళ్లు కూడా పైకి ఒక బాణం గీస్తారు. పరిశోధకుడు జాన్ క్లెమెంట్ ఇంజినీరింగ్ విద్యార్థుల్లో ఇదే పొరపాటును గమనించి 1982లో ప్రచురించారు. కదలిక ఉంటే ఆ దిశలో బలం ఉండి తీరాలన్నది చిన్నప్పటి నుంచి బండ్లు తోసి, బల్లలు జరిపి మనం సంపాదించుకున్న నమ్మకం. ‘గురుత్వాకర్షణ ఒక్కటే’ అని నేను బోర్డు మీద రాస్తే నోటుబుక్కులోకి ఎక్కుతుంది గానీ, ఆ నమ్మకం మాత్రం చెక్కుచెదరదు.

ఉపన్యాసానికి, చర్చకు మధ్య తేడాను అమెరికా ఫిజిక్స్ అధ్యాపకుడు రిచర్డ్ హేక్ 1998లో అంకెల్లో చూపించారు. 62 కోర్సులు, 6,000 మందికి పైగా విద్యార్థులు. కోర్సుకు ముందు, తర్వాత భావనలను పరీక్షించి, మొదట లోటుగా ఉన్నదానిలో ఎంత భాగం పూడిందో లెక్కగట్టారు. ఉపన్యాసమే ప్రధానమైన కోర్సుల సగటు 0.23, విద్యార్థులు చురుగ్గా పాల్గొన్నవాటిలో 0.48. అంటే మొదట నూటికి 40 మార్కులు వచ్చిన తరగతిలో, మిగిలిన 60లో ఉపన్యాసం పూడ్చేది సుమారు 14, రెండో పద్ధతి పూడ్చేది సుమారు 29. ఇవి అధ్యాపకులు తమంతట తాము పంపిన వివరాలు కాబట్టి కొంత జాగ్రత్తగానే చూడాలి. కానీ ఇంత తేడాను కొట్టిపారేయలేం.

ప్రయోగం చూపితే చాలదా అంటారు. చాలదు. హార్వర్డ్‌లో కేథరిన్ క్రౌచ్, ఎరిక్ మజూర్ బృందం 2004లో ప్రచురించిన పరిశీలన నన్ను బాగా కదిలించింది. ప్రయోగాన్ని ఊరికే చూసినవాళ్లకు, అసలు చూడనివాళ్లకు మధ్య అవగాహనలో తేడా చాలా స్వల్పం. ఏం జరుగుతుందో ముందే ఊహించి చెప్పి, ఆ తర్వాత చూసినవాళ్లు మెరుగ్గా నిలిచారు. అదే ప్రయోగం. మధ్యలో చేరింది ఆ ఊహ ఒక్కటే.

నా దృష్టిలో అసలు కీలకం ఇదే. సరైన జవాబు చెవిన పడకముందు విద్యార్థి తన జవాబేదో తేల్చుకుని కాగితం మీద పెట్టాలి. మజూర్ 1991లో మొదలుపెట్టిన పద్ధతి బలమంతా అక్కడే ఉంది: ప్రశ్న, ఒంటరిగా ఆలోచన, తన జవాబుకు ఓటు, పక్కవారితో చర్చ, మళ్లీ ఓటు, చివర్న వివరణ. చర్చ పెట్టి చూశాం, ఫలితం లేదన్న చాలామంది ఆ ఒంటరి నిమిషాన్ని వదిలేసినవాళ్లే. అది లేకపోతే గట్టిగా మాట్లాడేవారి జవాబే అందరిదీ అయిపోతుంది.

నాణెం ప్రశ్న ఇచ్చినప్పుడు ఒక బెంచీలో విన్న మాటలివి.

“చెయ్యి ఇచ్చిన బలం ఇంకా నాణెంలో ఉంది కదా?”

“చెయ్యి తగలడమే లేదు. మరి తోసేదెవరు?”

“ఎవరూ తోయకపోతే పైకెలా పోతోంది?”

“పోతూనే ఉన్నదానికి మళ్లీ బలం ఎందుకు? పోనుపోను మెల్లబడుతోంది చూడు, దానికి కావాలి బలం.”

ఆ చివరి వాక్యం నా నోటి నుంచి వచ్చి ఉంటే అంత పని చేసేది కాదు. అది విన్న అబ్బాయి తాను గీసిన బాణాన్ని తానే కొట్టేశాడు. అయితే చర్చ పండేది కొన్ని ప్రశ్నలకే. మొదటి ఓటులో సరైన జవాబు చెప్పినవాళ్లు 30 నుంచి 70 శాతం మధ్య ఉంటేనే లాభం. అంతకన్నా తక్కువైతే మళ్లీ వివరించాలి, ఎక్కువైతే ముందుకు సాగాలి.

ఒక ఇబ్బంది చెప్పాలి. హార్వర్డ్‌లోనే 2019లో వెలువడిన అధ్యయనంలో, చురుకైన తరగతిలో విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నారు. తాము ఎక్కువ నేర్చుకున్నట్టు వారికి అనిపించింది మాత్రం ఉపన్యాసంలో. అందుకే మొదటి రోజే ఈ సంగతి పిల్లలకు చెప్పేస్తాను.

కంప్యూటర్ సిమ్యులేషన్లు, వీడియోలు కూడా ఉన్నాయి. ముందు ఊహ అడిగితే అవీ పనికొస్తాయి, అడగకపోతే ఊరికే చూసిన ప్రయోగంతో సమానం. చిన్న బృందాల్లో వర్క్‌షీట్లతో సాగే ట్యుటోరియల్స్ మంచివే గానీ, శిక్షణ పొందిన సహాయకులు కావాలి.

ఇక సిలబస్ పూర్తవుతుందా అన్న భయం. పుస్తకంలో ఉన్నది చదివి రమ్మంటాను, దాన్నే తరగతిలో మళ్లీ అప్పజెప్పను. అలా మిగిలే సమయంలో గంటకు మూడు ప్రశ్నలు పడతాయి. ఉపన్యాసాన్ని నేను వదిలేయలేదు. రెండో ఓటు అయ్యాక పది నిమిషాలు మాట్లాడతాను. తమ జవాబు ఎందుకు తప్పిందో తెలుసుకోవాలని ఎదురుచూసే తరగతి అప్పుడు నా మాట వింటుంది.