"పాస్‌త్రూ టెస్టెడ్" అన్న టెలిఫోనీ కార్డు కొంటున్నారా? ముందు ఇది చదవండి

ఆఫీసు ల్యాండ్‌లైన్లను వర్చువల్ మెషిన్ (వీఎం, అంటే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఇంకో కంప్యూటర్)లోని ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌కి కలపడానికి నాలుగు లైన్ల అనలాగ్ కార్డు వెతుకుతున్నవాళ్ల కోసం ఈ పోస్టు. ఆన్‌లైన్‌లో ఒకతని దగ్గర సెకండ్‌హ్యాండ్‌ది తీసుకున్నాం. "వీఎం పాస్‌త్రూ టెస్టెడ్" (అంటే కార్డును నేరుగా వీఎంకే అప్పగించి చూశానని) అని రాసి, కార్డు డ్రైవర్ దాది (DAHDI)తో వచ్చే, టైమింగ్ ఎంత కచ్చితమో చూసే టెస్ట్‌లో 99.99 శాతం వచ్చిన స్క్రీన్‌షాట్ కూడా పెట్టాడు. ఆ అంకె అబద్ధమని అనను. కాకపోతే టెస్టు నడిచినప్పుడు హోస్ట్ (వీఎంను నడిపే అసలు కంప్యూటర్) ఖాళీగా ఉందట, గట్టిగా అడిగాక చెప్పాడు.

మా దగ్గర యూఎస్‌బీ డిస్కుకి బ్యాకప్ మొదలైతే చాలు, అంకె 99.98 కిందికి జారిపోతోంది. అక్కడి నుంచి అవతలి గొంతు గరగరలాడుతుంది, ఫ్యాక్సు సగంలో తెగుతుంది.

ఎందుకంటే, ఈ తరం కార్డులు సెకనుకి 1000 ఇంటరప్టులు (ప్రాసెసర్‌కి "నన్ను చూడు" అనే పిలుపులు) పంపుతాయి. అదీ పిలుపును విడి సందేశంగా పంపే ఎంఎస్‌ఐ పద్ధతిలో కాదు, పరికరాలు పంచుకునే పాత ఐఎన్‌టీఎక్స్ లైన్ మీద. మా బోర్డులో అది 16వ నంబరు, యూఎస్‌బీ కంట్రోలరూ దాని మీదే. నాలుగు వాటాలకి ఒకటే కాలింగ్ బెల్ ఉన్నట్టు: ఎవరికోసం మోగినా అందరూ తలుపు తీసి చూడాల్సిందే. డిస్కు పిలిచిన ప్రతిసారీ హోస్ట్‌లోని వీఎఫ్‌ఐఓ (కార్డును వీఎంకి అప్పగించే లైనక్స్ డ్రైవర్) "నా కార్డేనా?" అని కార్డు రిజిస్టర్ చదువుతుంది. నిజంగా కార్డే పిలిస్తే దాని ఇంటరప్టును ఆపి, గెస్ట్‌కి (అంటే వీఎంకి) కబురు పంపి, గెస్ట్ పని ముగించాక మళ్లీ తెరవాలి. ఈ తతంగం సెకనుకి వెయ్యిసార్లు! ప్రాసెసర్‌లో పోస్టెడ్ ఇంటరప్ట్స్ (పిలుపును నేరుగా వీఎంకి చేర్చే సదుపాయం) ఉన్నా లాభం లేదు, అవి ఎంఎస్‌ఐకే అక్కరకొస్తాయి.

ఇంతకన్నా పాత చిప్ అయితే మరీ ఘోరం. కార్డు స్లాట్ల ప్రమాణం పీసీఐ 2.3లో వచ్చిన ఇంటరప్ట్ డిజేబుల్ బిట్ (పిలుపును ఆపే స్విచ్ లాంటిది) దానికి ఉండదు, కాబట్టి ఇంటరప్ట్ లైన్ పంచుకోవడం కుదరదు. పక్క పరికరం డ్రైవర్ ఆ లైన్ పట్టుకుని కూర్చుంటే వీఎం అసలు లేవదు. బిట్ ఉందని చెప్పి సరిగ్గా పాటించని చిప్‌లూ ఉన్నాయి. అప్పుడు కెర్నల్ "ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్" (16వ లైన్ పిలుపును ఎవరూ పట్టించుకోలేదు) అని ఆ లైనే మూసేస్తుంది, దాంతోపాటు హోస్ట్ కీబోర్డూ పోవచ్చు.

దుకాణంలో కొనేట్టయితే లైవ్ లైనక్స్ పెన్‌డ్రైవ్ పట్టుకెళ్లి ఎల్‌ఎస్‌పీసీఐ -వీవీ (lspci -vv, కార్డుల వివరాలు చూపే కమాండ్) కొట్టించండి. ఎంఎస్‌ఐ అన్న వరుసే లేకపోతే వదిలేయండి. ఉన్నంత మాత్రాన సరిపోదు, డ్రైవర్ దాన్ని వాడాలి. ఆన్‌లైన్ అయితే వీఎం నడుస్తుండగా ఏ లైన్ మీద ఏ పరికరాలున్నాయో చూపే, హోస్ట్‌లోని ప్రాక్ ఇంటరప్ట్స్ (/proc/interrupts) ఫైలు అడగండి. వీఎఫ్‌ఐఓ-ఐఎన్‌టీఎక్స్ పక్కన కామా పెట్టి ఇంకో పేరుంటే ఆ లైన్ ఉమ్మడిదే. దాది టెస్ట్ అంకె కావాలంటే ఆ రెండో పరికరం మీద లోడు పెట్టి తీసిందే అడగండి.

స్లాట్ మారిస్తే ఒక్కోసారి నంబరు మారుతుంది. మాకు మారలేదు. రిఫండ్ అడిగితే "టెస్టెడ్ అన్నాగా, కావాలంటే ఇంకోటి ఇస్తా" అన్నాడు. అదీ అదే చిప్.

నాలుగు ఫోన్ లైన్లే కావాలంటే ఎఫ్‌ఎక్స్‌ఓ గేట్‌వే బాక్సు (ల్యాండ్‌లైన్లను నెట్‌వర్క్‌కి కలిపే విడి పెట్టె) చూడండి. నెట్‌వర్క్ కేబుల్ మీదే పనిచేస్తుంది, పాస్‌త్రూ గొడవే ఉండదు.