వారానికో ఎపిసోడా, ఒకేసారి మొత్తమా: ఏది మేలు?

2026 జనవరి 1 పొద్దున ఆరున్నరకి విజయవాడలో మెలకువగా ఉన్నవాళ్లు రెండు రకాలు. రాత్రి కేకు కోసి ఇంకా పడుకోనివాళ్లు, వాకిట్లో రంగుల ముగ్గు పూర్తిచేస్తున్నవాళ్లు. సత్యనారాయణపురంలో మా ఇంట్లో మూడో రకం కూడా ఉంది. నెట్‌ఫ్లిక్స్ సీరియల్ ‘స్ట్రేంజర్ థింగ్స్’ చివరి ఎపిసోడ్ కోసం దుప్పటి కప్పుకుని టీవీ ముందు కూర్చున్న నేనూ, మా మేనల్లుడూ. అమెరికా పడమటి తీరంలో డిసెంబరు 31 సాయంత్రం ఐదు అంటే మనకి అదే వేళ. “ఏడాది మొదటిరోజు పొద్దున్నే ఆ దయ్యాల బొమ్మ ఏంటండీ” అని మా ఆవిడ ముగ్గు చేత్తోనే వచ్చి తిట్టి వెళ్లింది.

తమాషా ఏంటంటే, 2016లో ఇదే సీరియల్ మొదటి సీజన్ ఎనిమిది ఎపిసోడ్లూ ఒక్కరోజునే వదిలేశారు. ఎవడికి ఓపికుంటే వాడు రాత్రికి రాత్రి చూసేయొచ్చు. చివరి సీజన్‌కి వచ్చేసరికి అదే నెట్‌ఫ్లిక్స్ వాళ్లు ఎనిమిది ఎపిసోడ్లని నాలుగు, మూడు, ఒకటిగా ముక్కలు చేసి నెల రోజులకి పైగా తిప్పారు. అంటే ఈ సంగతి వాళ్లకీ తేలలేదన్నమాట. మాకైతే అస్సలు తేలలేదు.

మేం ఆరుగురం. నలుగురం బెజవాడ, ఇద్దరు గుంటూరు బ్రాడీపేట. సైన్స్ ఫిక్షన్ సీరియల్స్ పిచ్చి తప్ప మాలో ఒకరికొకరికి పోలిక లేదు. రిటైరైన ఫిజిక్స్ మాస్టారు ఒకరు, నైట్ డ్యూటీలు చేసే నర్సు అక్క ఒకరు, సీఏ చదివే కుర్రాడొకడు, గుంటూరులో మిర్చి కమీషన్ వ్యాపారం చేసే అన్న ఒకరు, ఆయన చెల్లెలు, నేను. వాట్సాప్‌లో రోజూ, ఎవరి ఇంట్లోనో టీల దగ్గర నెలకోసారీ కలుస్తాం. ప్రతిసారీ ఇదే గొడవ. వారానికి ఒకటి ఇచ్చే సీరియల్ మంచిదా, మొత్తం ఒకేసారి చేతిలో పెట్టేది మంచిదా?

మాస్టారిది వారం పార్టీ. “సశేషం అన్న మాట చూసి పత్రిక మూసేసిన తరం మాది. ఏడు రోజులు బుర్ర పని చేసేది” అంటారు. ఆంధ్రజ్యోతి వారపత్రిక ఈ ఊరి నుంచే వచ్చే రోజుల్లో ఆయన కాలేజీ కుర్రాడు. సీరియల్లో ఏం జరగబోతోందో క్లాసు బయట పందేలు కాసుకునేవారట. నిజానికి సైన్స్ ఫిక్షన్ టీవీ కూడా పుట్టడం అలాగే పుట్టింది. బీబీసీలో ‘డాక్టర్ హూ’ మొదటి ఎపిసోడ్ 1963 నవంబరు 23న వచ్చింది. ముందురోజే కెన్నెడీ హత్య జరిగింది. జనం బుర్రలన్నీ ఆ వార్తల మీదే ఉన్నాయని, తర్వాతి శనివారం మొదటి ఎపిసోడ్‌ని మళ్లీ వేసి అప్పుడు రెండోది వేశారు. ఆ మొదటి కథకి దర్శకుడు వారిస్ హుస్సేన్, మన లక్నోలో పుట్టినాయన. పాతిక నిమిషాల ముక్క, చివర్లో ఊపిరి బిగబట్టే ఘట్టం, మళ్లీ శనివారం దాకా ఆగు. అదీ పద్ధతి.

వారం పద్ధతిలో నాకు నచ్చే ఉదాహరణ మాత్రం ‘బాబిలన్ 5’, ఒక అంతరిక్ష కేంద్రంలో నడిచే కథ. 1994 నుంచి 1998 దాకా ఐదు సీజన్లు, 110 ఎపిసోడ్లు. వాటిలో 92 ఒక్కడే రాశాడు, జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ. ఐదేళ్ల కథని ముందే అనుకుని మొదలుపెట్టడం అప్పటి అమెరికా టీవీలో అరుదు. ఇంకా అరుదైన సంగతి ఏమిటంటే, అప్పుడప్పుడే ఇళ్లలోకి వస్తున్న ఇంటర్నెట్‌లో కూర్చుని, సీరియల్ నడుస్తుండగానే ఆయన అభిమానులతో మాట్లాడేవాడు. ‘మీరు కథలు మాత్రం ఊహించి నాకు చెప్పకండయ్యా’ అన్నది ఆయన షరతు. అయినా ఒకాయన నోరు జారాడు. ఆ ఊహ అప్పటికే రాసుకున్న ఒక ఎపిసోడ్‌కి దగ్గరగా ఉండటంతో, రేపు ‘నా ఐడియా కొట్టేశారు’ అంటారేమోనని ఆ ఎపిసోడ్‌ని పక్కన పెట్టేయాల్సొచ్చింది. ఊహించినాయన రాతపూర్వకంగా అభ్యంతరం లేదన్నాకే అది బయటికొచ్చింది. చూసేవాడి ఊహ కథ రాసేవాడి దాకా వెళ్లిందంటే మధ్యలో వారాలు ఉన్నాయి కాబట్టే. మొత్తం షూటింగ్ చేసి ఒకేరోజు వదిలేస్తే ఊహించడానికి ఏముంటుంది, రాత్రి రెండింటికి అన్నీ తెలిసిపోతాయి.

ఇక్కడ వారం పార్టీ వాళ్లు మరీ రొమ్ము విరుచుకోకుండా ఒక సంగతి చెప్పాలి. అభిమాన సంఘాలకి తాతలాంటి ‘స్టార్ ట్రెక్’ వారానికొకటి చొప్పున 1966 నుంచి 1969 దాకా అమెరికా ఛానెల్ ఎన్‌బీసీలో వచ్చి, రేటింగులు లేక ఆగిపోయింది. రెండో సీజన్ తర్వాత ఆపేస్తారన్న మాట వినబడగానే జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి మూడో సీజన్ తెప్పించుకున్నారు. తీరా దాన్ని శుక్రవారం రాత్రి పదింటికి వేశారు. కాలేజీ పిల్లలు ఆ టైముకి ఇంట్లో ఎవరుంటారు? మొత్తం 79 ఎపిసోడ్లతో కథ ముగిసింది. ఆ సీరియల్‌కి అసలు జనం తగిలింది 1970లలో, ఊరూరి స్థానిక ఛానెళ్లు పాత ఎపిసోడ్లని రోజూ సాయంత్రం మళ్లీ మళ్లీ వేసినప్పుడు. ఎంత తగిలారంటే, 1976లో నాసా తన మొదటి స్పేస్ షటిల్‌కి ఆ సీరియల్లోని అంతరిక్ష ఓడ పేరు ఎంటర్‌ప్రైజ్ అని పెట్టేదాకా మళ్లీ ఉత్తరాలే. వారం ఆగి చూసినప్పుడు నిలబడని సీరియల్, రోజూ చూసినప్పుడు నిలబడింది. దానికి కారణం ఉంది. అందులో ఏ ఎపిసోడ్ కథ ఆ ఎపిసోడ్‌లోనే తేలిపోతుంది. సశేషం లేదు. సశేషం లేని కథకి వారం విరామంతో పనేముంది?

ఇక ఒకేసారి పార్టీ. దీని నాయకురాలు మా నర్సు అక్క. ఆవిడ వాదన కళల గురించి కాదు, డ్యూటీ చార్టు గురించి. “నాకు వరసగా ఆరు నైట్లు పడితే మీ శుక్రవారం ఎపిసోడ్ నేను మళ్లీ గురువారం చూడాలి. ఈలోగా మీరంతా దాన్ని నమిలి ఊసేసి ఉంటారు. మొత్తం ఇచ్చేస్తే నా ఆఫ్ రోజున నేను చూసుకుంటా.” దీనికి ఎదురు చెప్పడం కష్టం. డబ్బు లెక్క కూడా ఆవిడదే. పది ఎపిసోడ్ల సీరియల్ ఒకేసారి వస్తే ఒక నెల చందా కట్టి చూసి మానేయొచ్చు. వారానికొకటైతే మూడు నెలలు కట్టాలి. కంపెనీలు వారం పద్ధతికి ఎందుకు మళ్లుతున్నాయో దీన్నిబట్టే తెలుస్తుంది, కళ మీద ప్రేమతో మాత్రం కాదు.

కొన్ని కథలు నిజంగానే ఒక ఊపులో చూడాల్సినవి. జర్మన్ సీరియల్ ‘డార్క్’ అలాంటిది. మూడు సీజన్లు, 26 ఎపిసోడ్లు. ఒక చిన్న ఊరు, నాలుగు కుటుంబాలు, 1953, 1986, 2019 అని ముప్ఫైమూడేళ్లకో మెట్టు. ఒకే మనిషి పిల్లవాడిగా, నడివయసులో, ముసలితనంలో ముగ్గురు నటులుగా కనిపిస్తాడు. ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎవరికి ఏమవుతారో వారం ఆగితే మర్చిపోవడం ఖాయం. మిర్చి అన్న వాళ్ల చెల్లెలు లాంగ్ నోట్‌బుక్‌లో వంశవృక్షం గీసుకుంటూ చూసింది. పెళ్లిళ్లలో ఎవరినైనా రెండు నిమిషాల్లో వరస కలిపేసే పెద్దమ్మ ఒకావిడ మాకు ఉంది. ఆ నోట్‌బుక్ చూపిస్తే, చాలాసేపు చూసి, “వీళ్లకి సంబంధాలు చూసింది ఎవరే?” అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పినా చూడనివాళ్లకి కథ చెప్పేసినట్టే.

కానీ ఒకేసారి వదిలేయడంలో ఉన్న నష్టం మాకు 2024 మార్చిలో బాగా తెలిసింది. ‘త్రీ బాడీ ప్రాబ్లమ్’ ఎనిమిది ఎపిసోడ్లు 21వ తేదీన ఒకేసారి వచ్చాయి. మధ్యాహ్నం భోజనాల వేళ వచ్చింది, సీఏ కుర్రాడు మర్నాడు తెల్లారేసరికి పూర్తి చేశాడు. నేను ఆదివారం దాకా తీసుకున్నా. అన్న పదిరోజులు తీసుకున్నాడు. మాస్టారు ఉగాది తర్వాత చూశారు. ఫలితంగా ఆ సీరియల్ మీద మేం మాట్లాడుకున్నదంతా ఇంతే: “చూశారా?” “చూశా.” “బాగుంది కదా?” “బాగుంది.” మూడు సూర్యుళ్లున్న లోకం, ఏ రోజు పొద్దెప్పుడు పొడుస్తుందో లెక్కకి అందని లోకం. దాని మీద ఫిజిక్స్ మాస్టారు చెప్పాల్సింది రెండు నెలలకి సరిపడా ఉంది. ఆయన చూసేసరికి మేం వేరే దానిలోకి వెళ్లిపోయాం. ఆయన చిన్నబుచ్చుకున్నారు కూడా, పైకి అనలేదంతే.

దీనికి పూర్తిగా ఎదురు ‘సెవరెన్స్’. ఆఫీసులో ఉన్నంతసేపు ఇల్లు గుర్తుండదు, ఇంటికొస్తే ఆఫీసు గుర్తుండదు, అలా ఆపరేషన్ చేయించుకున్న ఉద్యోగుల కథ. (ఆపరేషన్ లేకుండానే అలా ఉండే సీనియర్ ఒకాయన మా ఆఫీసులో ఉన్నాడు.) మొదటి సీజన్ తొమ్మిది ఎపిసోడ్లు 2022లో వచ్చాయి, రెండోది 2025 జనవరిలోగానీ మొదలవలేదు. వారానికి యాభై నిమిషాల సీరియల్, దానికి ఆరు రోజుల థియరీలు. అక్క ఆస్పత్రి నుంచి తెల్లవారుజామున నాలుగింటికి వాయిస్ మెసేజ్ పెట్టేది, వెనకాల మానిటర్ల శబ్దం వినిపిస్తూ. ఒకేసారి పార్టీ నాయకురాలే ఆ రెండు నెలలు వారం పార్టీలో అందరికంటే గట్టిగా పనిచేసింది. ఈ మాట అంటే ఇప్పటికీ ఒప్పుకోదు.

రెండు పద్ధతులనీ ఒకే సీరియల్ మీద పరీక్షించి చూడాలంటే, భూమికీ అంగారకుడికీ మధ్య గొడవల కథ ‘ది ఎక్స్‌పాన్స్’ ఉంది. మొదటి మూడు సీజన్లు అమెరికాలో సైఫై ఛానెల్లో వారం వారం వచ్చాయి. 2018 మేలో ఛానెల్ దాన్ని ఆపేస్తే, అభిమానులు డబ్బులు పోగేసి అమెజాన్ స్టూడియోస్ ఆఫీసు మీదుగా బ్యానర్ కట్టిన విమానం ఎగరేశారు. ఆ నెలాఖరులోపే జెఫ్ బెజోస్ స్వయంగా సీరియల్ బతికిందని చెప్పాడు. అమెజాన్ నాలుగో సీజన్ పది ఎపిసోడ్లని 2019 డిసెంబరులో ఒకేసారి ఇచ్చింది. ఐదో సీజన్‌కి మనసు మార్చుకుని మొదట మూడు, తర్వాత వారానికొకటి ఇచ్చింది. ఆరోది కూడా వారం వారమే. 62 ఎపిసోడ్లతో 2022 జనవరిలో అయిపోయింది.

ఈ సీరియల్ మాకు ఇంకో కారణంగా ముద్దు. అందులో భూమి తరఫున చక్రం తిప్పే పెద్దావిడ పేరు క్రిస్జెన్ అవసరాల. ఇరాన్‌లో పుట్టిన షోరే అగ్‌దష్లూ వేసిన పాత్ర. చీరలు కట్టి, బండబూతులు తిట్టి, గ్రహాల మధ్య యుద్ధాలు ఆపుతుంది. అవసరాల వారింటి ఆడపడుచు ఐక్యరాజ్యసమితిలో కూర్చుని అంగారకుడిని బెదిరిస్తుంటే తెనాలిలోనో, గుంటూరులోనో బంధువులుంటారేమోనని చూడబుద్ధేస్తుంది. అన్నకైతే ఆవిడే దేవత.

నాలుగో సీజన్ మేం రెండు రోజుల్లో మింగేశాం. ఇవాళ అందులో ఏం జరిగిందని అడిగితే ఆరుగురం ఆరు రకాలుగా చెబుతాం. ఐదో సీజన్ మాత్రం సన్నివేశం సన్నివేశంగా గుర్తుంది. ఎందుకంటే ప్రతి ఎపిసోడ్ తర్వాతా మాస్టారి క్లాసు ఉండేది. ఓడ సగం దూరం వెళ్లాక వెనక్కి తిరిగి ఇంజన్ ఎందుకు మండించాలి, ఇంజన్ ఆపితే లోపలున్నవాళ్లు ఎందుకు తేలిపోతారు, ఇవన్నీ ఆయన ఆర్టీసీ బస్సు బ్రేకుతో పోల్చి చెప్పారు. సీఏ కుర్రాడు ఇంటర్‌లో అర్థం కాని త్వరణం పాఠం అప్పుడు అర్థమైందన్నాడు. ఐదో సీజన్ కథ కూడా బలమైనదేలే అని మా ఆవిడ అంటుంది, కాదనను. కానీ తేడా అంతా కథదే కాదు.

మధ్యేమార్గం ఒకటుంది. 2025లో ‘స్టార్ వార్స్’ లోకంలో నడిచే ‘ఆండోర్’ సీరియల్ రెండో సీజన్ పన్నెండు ఎపిసోడ్లని వారానికి మూడు చొప్పున నాలుగు వారాలు ఇచ్చారు. ప్రతి మూడు ఎపిసోడ్లూ కథలో ఒక ఏడాది. అంటే వారానికో సినిమా అన్నమాట. అక్కకి తన ఆఫ్ రోజున మూడూ కుదిరాయి, మాస్టారికి మాట్లాడటానికి వారం దొరికింది, చందా ఒక్క నెలలో తేలింది. ఆ నాలుగు వారాలు మా గ్రూపులో గొడవే లేదు. అయితే కథని అలా మూడేసి ముక్కలుగా ముందే కట్టుకుంటేనే ఇది కుదురుతుంది. ఉన్న సీరియల్‌ని ఎక్కడపడితే అక్కడ తెగ్గొట్టి మూడు వాయిదాలంటే, అది జనవరి ఒకటి పొద్దున నేను పడ్డ అవస్థే.

నన్ను అడిగితే ముడి విప్పే కథలు వారానికొకటే చూడాలి, ‘డార్క్’ లాంటి వరసల చిక్కుముడి అయితే నాలుగు రోజుల్లో నోట్‌బుక్ పట్టుకుని కానిచ్చేయాలి, ఎప్పుడో అయిపోయిన పాత సీరియల్‌కి మన వారం మనమే పెట్టుకోవాలి. చివరిదాన్నే ఇప్పుడు అమలు చేస్తున్నాం. ‘బాబిలన్ 5’ వారానికి రెండు, అక్క డ్యూటీ చార్టు చూసి రోజు పెట్టుకుంటాం. ముందుకెళ్లి చూసినవాళ్లు అందరికీ పునుగులు పెట్టించాలని జరిమానా. ఇప్పటికి మూడుసార్లు కుర్రాడే పెట్టించాడు. అసలు అనుమానం మాత్రం మాస్టారి మీద ఉంది. ఈమధ్య ఆయన ఊహలు మరీ తప్పకుండా నిజమవుతున్నాయి. అడిగితే, “సశేషాలు చదివిన బుర్ర” అని నవ్వుతారు.