ప్రెసెలీ కొండల్లో రాళ్ళ సంగీతం, ఎక్కడ దిగాలి, ఏవి చూడాలి

యూకేలో ఉండే మనవాళ్ళు వేల్స్ అంటే స్నోడన్ ఎక్కి లాన్‌డుడ్నో బీచ్ చూసి వచ్చేస్తారు. మేం ఈసారి పెంబ్రోక్‌షైర్‌లో ప్రెసెలీ కొండల వైపు వెళ్ళాం. కారణం అక్కడి ఊళ్ళవాళ్ళంతా కలిసి చేసే ఒక మ్యూజిక్ వర్క్‌షాప్. ఐదారువేల ఏళ్ళ కిందట ఈ కొండల్లో ఉన్న మనుషులు ఏం విని ఉంటారు, ఏం వాయించి ఉంటారు అని ఊహించుకుంటూ రాళ్ళు, కొమ్ము బూరలు, తోలు డప్పులతో పాటలు కడతారు, సంగీతం రానివాళ్ళని కూడా రానిస్తారు.

ఇక్కడే ఎందుకంటే, దక్షిణ ఇంగ్లండ్‌లోని పాత రాతి వలయం స్టోన్‌హెంజ్‌లో ఉన్న నీలిరాళ్ళు ఈ కొండల నుంచే వెళ్ళాయి, అంటే దాదాపు 225 కిలోమీటర్లు. పైగా కార్న్ మెనిన్ అనే గుట్ట మీద కొన్ని రాళ్ళు కొడితే గంటల్లా మోగుతాయి, రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్ వాళ్ళు వచ్చి రాళ్ళని కొట్టి చూసి రికార్డ్ కూడా చేశారు. కింద మేన్‌క్లోఖోగ్ అనే ఊళ్ళో 18వ శతాబ్దం దాకా చర్చి గంటల బదులు రాళ్ళే మోగించేవారట. మా నాన్నగారిది బళ్ళారి, ఆయనకి ఇది చెప్పగానే కప్పగల్లు కొండ గుర్తుచేశారు. అక్కడా కొత్తరాతియుగం నాటి బొమ్మలు, మోగే రాళ్ళు ఉన్నాయి, రెండుచోట్లా రాయి డోలరైట్ అనే గట్టి అగ్నిశిలే. కప్పగల్లు పక్కన క్వారీలు కొండని తినేస్తుంటే ఇక్కడ ఊరివాళ్ళు రాళ్ళ చుట్టూ పాటలు కట్టుకుంటున్నారని నాకు నిజంగా బాధేసింది.

వర్క్‌షాప్ ఒక కమ్యూనిటీ హాల్లో జరిగింది. మొదటే చెప్పారు, పాత కట్టడాల మీద దెబ్బ వెయ్యొద్దు, పొలాల్లో ఏరుకొచ్చిన విడి రాళ్ళనే గులకరాయితో కొట్టాలి అని, అది నాకు చాలా నచ్చింది. మన భజనల్లో ఒకరు అందుకుంటే మిగతావాళ్ళు అదే అంటాం కదా, వీళ్ళు అలా కాదు, రైతులూ రిటైరైన టీచర్లూ కూడా నాలుగు గొంతులు నాలుగు దార్లో పాడేస్తారు, మేం ఎటు పోవాలో తెలీక డప్పు పట్టుకున్నాం, పక్కనున్న పెద్దావిడ భుజం మీద తాళం వేస్తూ నేర్పించింది. టీ, కేక్ వాళ్ళే తెచ్చారు.

చూసినవాటిలో నా ఓటు పెంత్రె ఇవాన్‌కే, అది కొత్తరాతియుగం నాటి రాతి సమాధి. 16 టన్నులు ఉంటుందంటున్న పైరాయి మూడు రాళ్ళ కొసల మీద నిలబడి ఉంది, కింద మనిషి నిటారుగా నిలబడొచ్చు, టికెట్ లేదు, కానీ దారి చాలా సన్నం, కార్లు నాలుగైదే పడతాయి, పొద్దున్నే వెళ్ళండి. కాస్టెల్ హెన్‌లిస్‌కి టికెట్ ఉంది, అయినా పిల్లలుంటే వదలొద్దు. ఇనుపయుగం నాటి గుండ్రటి ఇళ్ళని తవ్వకాల్లో బయటపడ్డ అసలు పునాదుల మీదే మళ్ళీ కట్టారు, లోపల నెగడు చుట్టూ కూర్చుని పాడితే గడ్డి కప్పు శబ్దాన్ని మింగేస్తుంది, ప్రతిధ్వని ఉండదు, అందరి గొంతూ దగ్గరగా వినిపిస్తుంది. హాల్లో పాడిన అదే పాట ఇక్కడ వేరే పాటైపోయింది. కార్న్ మెనిన్ మాత్రం ముసలివాళ్ళతో వద్దు, బురద, గాలి, పైన సరైన దారి కూడా లేదు.

బస ముందు ఒక బీఅండ్‌బీలో (గది, పొద్దున టిఫిన్ ఇచ్చే ఇల్లు), గది శుభ్రమే కానీ వెజ్ అని ముందే చెప్పినా పొద్దున టోస్ట్, బీన్స్ తప్ప ఏం పెట్టలేదు, హీటర్ రాత్రి పదికి ఆపేశారు. తర్వాత న్యూపోర్ట్‌లో హాస్టల్‌కి మారాం, వంటగది ఉంది, అన్నం పప్పు చేసుకున్నాం, ధర కూడా తక్కువ. కార్డిఫ్ పక్కన పెద్ద న్యూపోర్ట్ వేరే ఉంది, బుక్ చేసేటప్పుడు పెంబ్రోక్‌షైర్ అని చూసుకోండి. హేవర్‌ఫర్డ్‌వెస్ట్ నుంచి ఫిష్‌గార్డ్, న్యూపోర్ట్ మీదుగా కార్డిగన్‌కి టీ5 బస్ ఉంది, అది మెయిన్ రోడ్డు వరకే, కొండల్లోకి కారు కావాల్సిందే, సిగ్నల్ పోతుంది కాబట్టి మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

కారు లేనివాళ్ళు కార్డిఫ్‌లో దిగి సెంట్ ఫేగన్స్ మ్యూజియంకి సిటీ బస్‌లో వెళ్ళొచ్చు, ఎంట్రీ ఫ్రీ, ఉత్తర వేల్స్‌లోని ఆంగ్లెసీ దీవిలో తవ్వకాల్లో బయటపడ్డ బ్రిన్ ఎరిర్ అనే చోటి ఇనుపయుగం గుండ్రటి ఇళ్ళని అక్కడ మళ్ళీ కట్టి పెట్టారు.