పండు మేలా, పిక్క మేలా?

పండు తిని పిక్క ఊసేయడం మనకి చిన్నప్పటి నుంచీ అలవాటు. శ్రీకాకుళం, విజయనగరం కొండల్లో దొరికే కొన్ని పళ్ళ విషయంలో మాత్రం, అలా ఊసేసేదాంట్లోనే అసలు బలం ఉంది.

మొర్రిపండునే తీసుకోండి. వేసవిలో నల్లగా ముగ్గుతుంది, తీపీ పులుపూ కలిసి నోటికి హాయిగా ఉంటుంది. గుజ్జు మాత్రం పల్చన, కడుపు నిండదు. బలమంతా లోపలి సారపప్పుది. అందులో దాదాపు సగం నూనె, సుమారు ఐదో వంతు మాంసకృత్తులు. పలాస జీడిపప్పుకి ఏమాత్రం తీసిపోదు. తీయడమే కష్టం. పళ్ళు నానబెట్టి, చేత్తో పిసికి తొక్కా గుజ్జూ వదిలించాలి. పిక్కలు బాగా ఎండాక తిరగలిలో విసరాలి. తిరగలి రాయి బరువు ఎక్కువైతే పప్పు నుగ్గయిపోతుంది, తక్కువైతే పెంకు పగలదు. ఆపైన చేటతో చెరిగితే కందిబద్దంత పప్పు మిగులుతుంది. ఇంత చాకిరీ చేసి, పప్పంతా సంతకి పంపేసి, ఇంట్లో పిల్లలకి గుప్పెడు కూడా ఉంచకపోతే నాకు మనసు ఒప్పదు. డబ్బు అవసరం నిజమే. అయినా కొంచెం దాచండి. నూనె ఎక్కువ కాబట్టి త్వరగా ముక్కవాసన వస్తుంది, గాలి చొరని డబ్బాలో పెట్టాలి.

పనస దగ్గర పోటీ గట్టిది. నూరు గ్రాముల తొనల్లో మాంసకృత్తులు 2 గ్రాములకి మించవు, పిక్కల్లో 6 గ్రాముల పైనే. నా ఓటు పిక్కలకే, కానీ ఉడికించో కాల్చో తినాలి, పచ్చివి అరగవు. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో ఉన్నవాళ్ళు మాత్రం తొనలైనా పిక్కలైనా డాక్టర్ని అడిగే తినాలి. పనసలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని సరిగా బయటికి పంపలేవు.

సీతాఫలం సంగతి పూర్తిగా వేరు. గుజ్జు మంచి శక్తినిస్తుంది, నూరు గ్రాములకి 100 కేలరీల దాకా. పిక్క మాత్రం విషం. పేలకని దాని పొడి తలకి రాస్తుంటారు, అది కంట్లో పడితే నల్లగుడ్డు మీద పొర దెబ్బతింటుంది. దయచేసి పిల్లలకి రాయకండి.

నేరేడులో నీరే 80 శాతం పైన. నాలుకని ఊదాగా మార్చే ఆంథోసయనిన్లనే రంగు పదార్థాలు దాని గొప్ప. పిక్కలో ఉండేది ఎక్కువగా పిండిపదార్థం, వగరు టానిన్లు. షుగర్‌కి మంచిదని పిక్క పొడి తాగేవాళ్ళున్నారు. తాగితే తాగండి గానీ, డాక్టర్ రాసిన బిళ్ళలు మానొద్దు. రెండూ కలిస్తే షుగర్ మరీ పడిపోయే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి ఆయనకి చెప్పే మొదలుపెట్టండి.

ఇక ఉసిరికి ఈ ప్రశ్నే రాదు. విటమిన్ సి కోసం తినేది కండనే.