క్లాసిక్ పామా, ఫింగర్ పామా: నాణేల మ్యాజిక్‌లో ఏది ముందు?

నాణేల మ్యాజిక్ మొదలుపెట్టినవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది. పామ్ అంటే నాణేన్ని ఎవరికీ కనిపించకుండా చేతిలో దాచుకునే పట్టు. క్లాసిక్ పామ్ కుదిరాకే మిగతావన్నీ అని కొందరంటారు, ఫింగర్ పామ్‌తో నేరుగా ట్రిక్కుల్లోకి దిగమని ఇంకొందరంటారు. నా మట్టుకు దీన్ని తేల్చేది ఒక్కటే: నాణెం దాచుకున్న చెయ్యి ఖాళీ చెయ్యిలా కనిపిస్తోందా లేదా? నాణెం జారిపడితే ఆ ఒక్క ట్రిక్కే పోతుంది. చెయ్యి బిగుసుకుపోతే నాణెం అంచు కూడా కనిపించనక్కర్లేదు, అది ఎక్కడుందో ఎదుటివాళ్ళకి తెలిసిపోతుంది.

క్లాసిక్ పామ్‌లో నాణెం అరచేతి నడుమ ఉంటుంది. ఒక అంచుని బొటనవేలి మొదట్లోని కండ, ఎదుటి అంచుని చిటికెనవేలి వైపు కండ పట్టి ఉంచుతాయి. చాలామందికి పట్టు చిక్కనిది బలం చాలక కాదు, చోటు తప్పడం వల్ల. మధ్యవేలు, ఉంగరపువేలు కొసల మీద నాణెం పెట్టి, ఆ రెండు వేళ్ళనీ ముడిచి అరచేతిలోకి నొక్కండి. అది మణికట్టు వైపు మరీ జరిగితే కండ అంచుని అందుకోలేదు, వేళ్ళ వైపు ఉండిపోతే చెయ్యి తిప్పగానే రాలిపోతుంది. సరైన చోట పడితే బొటనవేలి మొదలుని పిసరంత లోపలికి తెచ్చినా చాలు, బోర్లించినా నాణెం కదలదు.

నాణెం సైజు కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. మ్యాజిక్ చేసేవాళ్ళు ఎక్కువగా వాడే అమెరికన్ హాఫ్ డాలర్ వ్యాసం 30.6 మిల్లీమీటర్లు, బరువు 11.34 గ్రాములు, అంచు చుట్టూ గాట్లు. సగటు చేతికి ఇది బాగా సరిపోతుంది. 24 మిల్లీమీటర్ల పావు డాలర్ నాణెమైన క్వార్టర్‌ని ఈ పట్టులో ఉంచాలంటే కండ బాగా ముడవాలి, ఆ ముడత బయటికి తెలుస్తుంది. 38 మిల్లీమీటర్ల పాత వెండి డాలరైతే చిన్న చేతిని విప్పార్చేస్తుంది. అంచు అరిగి నున్నబడిన నాణెంతోనో, చర్మం బాగా పొడిబారిన చేత్తోనో సాధన చేస్తూ తమకి రావట్లేదని దిగులుపడేవాళ్ళూ ఉన్నారు. ముందు నాణెం మార్చి చూడండి.

పట్టు దొరికాక అసలు కష్టం మొదలవుతుంది. పని చెయ్యాల్సింది బొటనవేలి మొదలు ఒక్కటే అయినా చెయ్యంతా బిగుస్తుంది. బొటనవేలు కర్రలా పక్కకి పొడుచుకొస్తుంది, నాలుగు వేళ్ళూ చెక్కపలకలా అతుక్కుపోతాయి. ఇది వదలడానికి నెలలు పడుతుంది.

ఫింగర్ పామ్‌లో ఈ బాధ లేదు. మధ్యవేలు, ఉంగరపువేళ్ళ మొదటి గీతకీ నడిమి గీతకీ మధ్య నాణెం పడుకుంటుంది, వేళ్ళు కొద్దిగా వంగితే నిలుస్తుంది. ఊరికే వేలాడుతున్న చేతిని ఒకసారి చూసుకోండి, వేళ్ళు ఎలాగూ ఆ మాత్రం వంగే ఉంటాయి. చిన్న నాణెమైనా పెద్దదైనా పెద్ద తేడా లేదు. ఇక్కడ జరిగే తప్పులు రెండు. భయంతో చూపుడువేలు కూడా ముడిచి సగం పిడికిలి చెయ్యడం ఒకటి, వేళ్ళ మధ్య సందు వదిలి అందులోంచి మెరుపు కనిపించనివ్వడం రెండోది. చూపుడువేలిని వదులుగా చాపి ఉంచితే మొదటిది పోతుంది. పక్కన కూర్చున్నవాళ్ళ ఎత్తునుంచి ఫోన్‌లో తీసి చూసుకుంటే రెండోది పట్టుబడుతుంది.

ఫింగర్ పామ్‌తో వెంటనే వచ్చేది దొంగ మార్పిడి, అంటే నాణేన్ని రెండో చేతికి ఇచ్చినట్టు చూపించి మొదటి చేతిలోనే ఉంచేసుకోవడం. కుడిచేతి వేళ్ళ మీద నాణెం పెట్టుకుని, ముందు పదిసార్లు నిజంగానే ఎడమచేతిలోకి ఒంపండి. మణికట్టు ఎంత తిరిగింది, ఎడమ వేళ్ళు ఎప్పుడు మూసుకున్నాయి, మీ చూపు ఎటు వెళ్ళింది, అన్నీ గమనించండి. పదకొండోసారి అదే కదలికలో, కుడిచెయ్యి తిరుగుతుండగా మధ్యవేలు, ఉంగరపువేలు పిసరు వంచి నాణేన్ని ఆపేయండి. కుడి వేళ్ళ కొసలు ఎడమ అరచేతిని తాకాలి, వాటి మీదుగా ఎడమ వేళ్ళు మూసుకోవాలి. ఆ తర్వాత కదలాల్సింది ఎడమచెయ్యి. కుడిచేతిని చటుక్కున కిందికి లాగేశారంటే అందరి కళ్ళూ దాని వెంటే పోతాయి. ఎడమ పిడికిలి లోపల నాణేనికి చోటు ఉన్నట్టుండాలి. గట్టిగా నలిపి మూసిన పిడికిలిని చూస్తే అందులో ఏమీ లేదని ఎవరికైనా తోస్తుంది.

అలాగని క్లాసిక్ పామ్‌ని పక్కన పెట్టలేం. ఫింగర్ పామ్‌లో వంచి ఉంచక తప్పని మధ్యవేలూ ఉంగరపువేలూ ఇందులో పూర్తిగా విడుదలవుతాయి. చిటిక వేయొచ్చు, గ్లాసు ఎత్తొచ్చు, అదే చేతి వేళ్ళ కొసల్లో ఇంకో నాణెం చూపించొచ్చు. మూడు నాలుగు నాణేలు ఒక్కొక్కటే మాయమయ్యే ట్రిక్కులు ఇది లేకుండా చాలావరకు ముందుకి సాగవు. మరోవైపు, ఒక నాణేన్ని చూపిస్తూ ఇంకోదాన్ని మార్చేసే షటిల్ పాస్‌కి ఫింగర్ పామే పునాది. ప్రదర్శన కోసం మొదట నేర్చుకోవాల్సింది ఫింగర్ పామే అని నేను గట్టిగా చెబుతాను. చెయ్యి వదులుగా ఉండడమంటే ఏమిటో ముందు అదే నేర్పుతుంది.

నాణెం అంచుని బొటనవేలికీ అరచేతి పక్కకీ మధ్య నొక్కి పట్టే థంబ్ పామ్ త్వరగా వస్తుంది కానీ బొటనవేలు చేతికి అతుక్కున్నట్టు కనిపిస్తుంది, ఒక క్షణం కోసం వాడి వదిలేయండి. డౌన్స్ పామ్‌లో నాణెం బొటనవేలి సందులో అరచేతికి నిలువుగా నిలుస్తుంది. చూడముచ్చటైన పట్టే, మొదటి ఏడాదిలో మాత్రం దాని అవసరం రాదు.

క్లాసిక్ పామ్‌ని మాత్రం మొదటి రోజు నుంచే వెనకాల నడవనివ్వండి, విడిగా కూర్చుని కాదు. నాణెం అరచేతిలో పెట్టుకుని పేజీలు తిప్పండి, టైప్ చెయ్యండి, తలుపు తియ్యండి. పడిపోతే తీసి మళ్ళీ పెట్టుకోండి. వారానికోసారి రెండు చేతులూ పక్కన వదిలేసి, మాట్లాడుతూ అర నిమిషం వీడియో తియ్యండి. మర్నాడు చూసినప్పుడు నాణెం ఏ చేతిలో ఉందో మీకే తట్టకపోతే, అప్పుడు దాన్ని జనం ముందుకి తీసుకెళ్ళండి.